కింది గది తాళం ఎవరి దగ్గర ఉండేది?



పాత భవంతి చూడటానికి వెళ్తే మనకు ఎప్పుడూ పై అంతస్తే చూపిస్తారు. దొరగారి హాలు, రాజావారి మంచం, గోడ మీద దుప్పి కొమ్ములు, బెల్జియం అద్దం. అవన్నీ చూసి, మెట్ల మీద నిలబడి ఫోటో దిగి, ఇంటికొస్తాం. కింద ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే "స్టోర్ రూమండీ, తాళం వేసి ఉంది" అంటారు.

ఈసారి మా సంఘం విహారయాత్రలో మేము పట్టుబట్టి కింది గది చూశాం. జిల్లా తీరంలో ఒక పాత బంగళా, దాని అడుగున దొరలు వైన్ దాచుకున్న నేలమాళిగ. ఇల్లు ఇప్పటికీ ఒక కుటుంబానిది. వాళ్ళు పేరూ ఊరూ రాయవద్దన్నారు, కాబట్టి రాయడం లేదు. వెళ్ళడానికి ముందే మా వాట్సాప్ గ్రూపులో పెద్ద వాదన జరిగింది. "ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టుకునే సంఘం, పిల్లల్ని తీసుకెళ్ళి మద్యం కొట్టు చూపిస్తుందా?" అని కొందరు పెద్దలు అన్నారు. "ఖాళీ గదిలో చూడ్డానికేముంది?" అని ఇంకొందరు. ఈ రెండింటికీ జవాబుగానే ఈ పోస్టు. మా మాట సూటిగా చెప్పేస్తాం: గంజాం తెలుగువాళ్ళు తమ చరిత్ర తెలుసుకోవాలంటే భవంతుల పై అంతస్తు కంటే కింది గదులే ముందు చూడాలి.

ముందు ఆ గది సంగతి. ఎనిమిది మెట్లు దిగాలి. ఇటుకతో కట్టిన కమాను పైకప్పు, సున్నపు గచ్చు, గోడల్లో వరసగా గూళ్ళు. ఉత్తరం వైపు నేలకు జానెడు ఎత్తులో రెండు గాలి కంతలు. గూళ్ళలో సీసాలు లేవు. ఒక మూల ఎండు కొబ్బరికాయలు, ఇంకో మూల చిరిగిన వలలు ఉన్నాయి. గోడ మీద మోకాలి ఎత్తున నీటి చార కనిపించింది. వానాకాలంలో నీళ్ళు ఊరతాయట. మాలో ఒక మాస్టారు థర్మామీటరు తెచ్చారు. బయట 36 డిగ్రీలు, లోపల 29.

ఆ 29 దగ్గరే మా పిల్లలకు మంచి పాఠం దొరికింది. యూరప్‌లో వైన్ గదులు సుమారు 12, 13 డిగ్రీల దగ్గర ఉంటాయి. అది ఆ గదుల గొప్పతనం కాదు, అక్కడి నేల చల్లదనం. కొంత లోతుకు వెళ్ళాక మట్టి వేడి ఆ ఊరి ఏడాది సగటు వేడి దగ్గరే నిలిచిపోతుంది. మన తీరంలో ఆ సగటే దాదాపు 27. ఎంత తవ్వినా ఇంగ్లండు చలి ఇక్కడ దొరకదు. పైగా సముద్రమో చిలికా సరస్సో పక్కనే ఉంటే నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు పడతాయి. అంటే ఈ గది వైన్‌ని చల్లబరచలేదు, వైశాఖం ఎండ దెబ్బ నుంచి కాపాడింది, అంతే. బట్లరు తాళం వేసుకోవడానికి వీలిచ్చింది కూడా.

అందుకే కంపెనీ దొరలు ఇక్కడ ఎక్కువగా మదీరా తాగేవారు. మదీరా అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగీసువాళ్ళ దీవి. అక్కడి వైన్‌లో బ్రాందీ కలిపి పీపాల్లో ఓడలకెక్కిస్తే, నెలల తరబడి ఉష్ణమండలం ఎండలో ఊగి ఊగి ఇంకా బాగుపడేదట. మిగతా వైన్‌లు ఎండకు పాడైపోతే ఇది ఎండకు పండేది. మన ఆవకాయ ఎండలో ఊరినట్టు అనుకోండి. తాగే ముందు చల్లబరచడానికి సూరేకారం కలిపిన నీళ్ళలో సీసా ముంచేవారు. ఐసు వచ్చింది చాలా తర్వాత. 1833లో బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు పంపాడు. తర్వాత మద్రాసుకూ వచ్చాయి. అక్కడ సముద్రం ఒడ్డున కట్టిన ఐస్ హౌసే ఇప్పటి వివేకానంద భవనం. 1897లో స్వామీజీ తొమ్మిది రోజులు బస చేసిన ఇల్లు అదే. చూశారా, దొరల గ్లాసులో మంచు వేయడానికి కట్టిన కట్టడం దేనికి పనికొచ్చిందో. కాబట్టి "మద్యం గది" అని మొహం తిప్పుకోనక్కర్లేదు. గదికి పాపం లేదు. మనం దాని గురించి ఏం చెప్తామన్నదే లెక్క.

ఇక అసలు సంగతి. ఆ సీసా ఆ గూటిలోకి ఎలా వచ్చింది?

గంజాం తీరానికి ఓడ ఆనుకునే రేవు ఉండేది కాదు. గంజాం ఊరికైనా, తర్వాత పెరిగిన గోపాలపురానికైనా ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు వేయాలి. సరుకు ఒడ్డుకు చేరాలంటే అలల మీదుగా మసులా పడవల్లో రావాలి. మేకు అన్నది లేకుండా చెక్కల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలవి. అల కొడితే విరగకుండా వంగేవి. వాటిని నడిపింది ఎవరు? ఒడియాలో నోలియాలు అంటాం, మన మాటలో వాడబలిజలు. ఈనాటికీ గోపాలపురం ఒడ్డునా, పూరీ ఒడ్డునా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే బెస్తలు. పీపా బోర్లా పడితే కూలి పోతుంది, పడవ బోర్లా పడితే ప్రాణమే పోతుంది.

ఒడ్డు నుంచి బంగళాకు ఎడ్లబండి. అక్కడి నుంచి గిడ్డంగి. ఇంగ్లీషు వాడు గోడౌన్ అంటాడు, ఆ మాట మలయా భాష గుండా ప్రయాణం చేసినా దాని మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు అని నిఘంటువులు రాసినవాళ్ళు చెప్తారు. సామాను చూసుకునేవాడు బట్లరు. ఆ మాటకు మొదట్లో అర్థం సీసాల మీద అజమాయిషీ ఉన్నవాడని. దొరకూ ఊరికీ మధ్య మాట నడిపేవాడు దుబాషీ. అంటే ద్విభాషి, రెండు భాషలవాడు. మద్రాసు రాజధానిలో ఎంతోమంది దుబాషీలు తెలుగువాళ్ళే.

ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండే ముసలమ్మది పక్కనే ఉన్న బెస్తపేట. మేము పాతికమందిమి దిగబోతుంటే నవ్వింది. "ఏటి బాబూ, కాళీ గది సూడ్డానికి ఇంతమందొచ్చేరా?" అంది. తర్వాత తనే చెప్పింది: "మా తాత తాళాలు పట్టీవోడట. రాత్రి అయితే ఆ తాళం మళ్ళీ మేడ మీదకే ఎల్లిపోయీది." ఆ ఒక్క మాటలో మొత్తం దొరతనం ఉంది. మోసేవాడు మనవాడు, దించేవాడు మనవాడు, గూట్లో సర్దేవాడు మనవాడు. తాళం మాత్రం రాత్రికి పైకి.

ఇదంతా ఒక్క బంగళా ముచ్చట అనుకోకండి. మన జిల్లాలో అందరికీ తెలిసిన మూడు చోట్లు ఒక వరసలో పెట్టి చూడండి, మొత్తం చరిత్ర అక్కడే ఉంది.

మొదటిది పోతాగఢ్. గంజాం ఊళ్ళో, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో. ఉత్తర సర్కారులు చేతికొచ్చిన కొత్తలో, 1768లో, కంపెనీ మొదటి రెసిడెంటు ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ వేయించిన నక్షత్రాకారపు కోట. దొరల కాపురం, కచేరీ, మందుగుండు అన్నీ అక్కడే. 1815 ప్రాంతంలో విషజ్వరాలు ఊరిని తుడిచిపెట్టాక జిల్లా కచేరీలు బరంపురం, ఛత్రపురాల దారి పట్టాయి. మన బరంపురం ఇంత పట్టణం కావడంలో ఆ జ్వరానికీ వాటా ఉంది. ఈరోజు పోతాగఢ్‌లో మిగిలినవి మొండి గోడలు.

రెండోది రంభ. చిలికా ఒడ్డున ఉన్న ఆ భవంతిని 1790ల మొదట్లో గంజాం కలెక్టరు థామస్ స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. ఆ సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. సర్కారు జిల్లాల్లో వానలు లేక జనం పిట్టల్లా రాలిపోయిన 1791, 92 కరువు కాలం అది. రైతు ఇంట గింజ లేని రోజుల్లో సరస్సు ఒడ్డున మేడ లేచింది. చివరికి పై అధికారులకే అతని వ్యవహారం నచ్చక పదవి పోయింది. లండన్ వెళ్ళి, కంపెనీ ఆఫీసు ముందు వీధి ఊడుస్తూ కూర్చుని, పరువు పోతుందని వాళ్ళు పింఛను ఇచ్చేదాకా లేవలేదని ఒక కథ చెప్పుకుంటారు. పింఛను రాగానే దర్జాగా బండెక్కి వెళ్ళిపోయాడట. కథ వినడానికి సరదాగా ఉంటుంది. పింఛను రాని రైతు కథ మాత్రం ఎవరూ చెప్పరు.

తర్వాత ఆ భవంతి ఖళ్ళికోట రాజుల చేతికి వచ్చింది. హరిహర మర్దరాజు కాలంలో ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలన్న ఆలోచనలు సాగిన చోట్లలో అదీ ఒకటి. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒడిశాలోకి వచ్చింది. మనం ఈ గడ్డ మీదే ఉండిపోయాం, ఇక్కడి వాళ్ళమే అయ్యాం. ఇప్పుడు రంభ భవంతిని బాగుచేసి హోటల్‌గా నడుపుతున్నారు. మేము దాన్ని మెచ్చుకునే వాళ్ళమే. పోతాగఢ్ లాగా కూలిపోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

మూడోది అస్కా. 19వ శతాబ్దిలో మించిన్ దొర నడిపిన పంచదార ఫ్యాక్టరీ. చెరకును గానుగలో పిండకుండా, ముక్కలు కోసి వేడినీళ్ళలో నానబెట్టి తీపి లాగే పద్ధతి అక్కడ వాడారు. యూరప్‌లో బీటు దుంపకు వాడే పద్ధతి అది. పంచదార తీశాక మిగిలిన మడ్డి నుంచి సారా. ఫ్యాక్టరీ పక్కనే బట్టీ. ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. స్నాడ్‌గ్రాస్ కాలంలో సీసా దొర గదిలోకి వచ్చింది. మించిన్ కాలానికి సీసా గదిలోంచి వీధిలోకి వచ్చింది.

1886 మద్రాసు ఆబ్కారీ చట్టం గుర్తుంచుకోవాలి. కల్లు గీయాలన్నా, ఇప్పపువ్వుతో సారా కాయాలన్నా సర్కారు అనుమతి కావాలి, పన్ను కట్టాలి. అంతకుముందు కొండల్లో ఏ ఇంటికి ఆ ఇల్లు పండక్కి కాచుకున్నది ఇప్పుడు నేరమైంది. బట్టీ సారా మాత్రం చట్టబద్ధం. దొర మేడ కింద మదీరాకు తాళం, పేదవాడి గుడిసెలో కుండకు జరిమానా. ఆ ఆదాయం రుచి మరిగిన సర్కారు దొరల సర్కారుతో ఆగలేదు. స్వరాజ్యం వచ్చాక కూడా చాలా రాష్ట్రాలు ఎక్సైజు పద్దు చూసుకోకుండా బడ్జెట్ రాయలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మూయించిన సంగతి మన ఇళ్ళలో పెద్దలకు గుర్తే. ఆ సెగకు 1993 అక్టోబరులో ఆంధ్రలో సారా రద్దయింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళు దాటేసరికి ఖజానా పేరు చెప్పి సడలిపోయింది. మన వైపు చూస్తే 1992లోనే కటకంలో కల్తీ సారా వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 ఆగస్టులో మన గంజాంలోనే, చికిటి దగ్గర, మళ్ళీ అదే చావు. చచ్చిపోయినవాళ్ళంతా కూలిపని వాళ్ళే ఎందుకవుతారు? మంచి సీసాకు ఎప్పుడూ తాళం ఉన్న గది ఉంటుంది, కల్తీ పొట్లానికి చెట్టు చాటే ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు చెప్పండి, మద్యం గది పిల్లలకు చూపించాలా వద్దా? మా పిల్లలు ఆ గదిలోంచి పైకి వచ్చాక అడిగిన ప్రశ్నలు ఇవి: "తాతలకు జీతం ఎంత ఇచ్చేవారు?" "పడవ మునిగితే ఎవరు డబ్బు కట్టేవారు?" "కరువులో మేడ ఎలా కట్టారు?" వైన్ రుచి ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. హోటల్ బార్‌లో అద్దాల బీరువా చూస్తే పిల్లలకు మద్యం గొప్పగా కనిపిస్తుంది. నీటి చార పడ్డ గోడ, దాని వెనక లెక్క చూస్తే దాని అసలు ధర కనిపిస్తుంది. పిల్లల్ని కాపాడాలంటే చూపించకుండా ఉండటం కంటే పూర్తిగా చూపించడమే మంచిదని మా అభిప్రాయం.

"పాత పగలు ఇప్పుడెందుకు? దొరలూ లేరు, రాజులూ లేరు" అని ఒక మిత్రులు రాశారు. పగ కాదండీ, పద్దు. ఏ ఇంట్లోనైనా పద్దు పుస్తకంలో జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క ఉంటాయి. భవంతుల గురించి మనకు ఇన్నాళ్ళూ జమ పక్కే చదివి వినిపించారు. రెండో పక్క చదివేవాళ్ళు కావాలి. అది మనం చదవగలం, ఎందుకంటే మనం పుట్టుకతోనే దుబాషీలం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ సౌకర్యాన్ని సినిమా పాటలకూ శుభలేఖలకూ మాత్రమే వాడుకుంటే ఎలా?

మా సూచనలు నాలుగు. పెద్ద డబ్బు అక్కర్లేనివే.

ఒకటి. ఏటా వెళ్ళే విహారయాత్రలో ఒక రోజును పోతాగఢ్, రంభ, అస్కాలకు కేటాయిద్దాం. ముందు వారమే పిల్లలకు నాలుగు ప్రశ్నలు ఇద్దాం: సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మోశారు, తాళం ఎవరిది, డబ్బు ఎవరిది. భోజనాలు ఆ తర్వాత.

రెండు. గోపాలపురం బెస్తపేటల్లో ఎనభై దాటిన పెద్దలు ఉన్నారు. మసులా పడవ కుట్టడం, రంగూన్ స్టీమర్ల కబుర్లు, తండ్రులు తాతలు చెప్పిన బంగళా పనుల ముచ్చట్లు వాళ్ళ నోటే ఉన్నాయి. ఫోన్‌లో రికార్డు చేయడానికి గంట చాలు. వాళ్ళు మాట్లాడే తెలుగు మాటలు కొన్ని ఏ నిఘంటువులోనూ దొరకవు. "యాస" అని నవ్వకుండా ఉన్నది ఉన్నట్టు రాసి పెడదాం.

మూడు. వచ్చే ఉగాది సభలో ముఖ్య అతిథి కుర్చీ ఆ పేటల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మకో పెద్దాయనకో ఇద్దాం. శాలువా వాళ్ళకు, వినడం మనకు. గంజాం తెలుగు అంటే బరంపురం లాయర్లు, మాస్టార్లు, వ్యాపారులు మాత్రమే అయితే అది పై అంతస్తు తెలుగే. పట్టు నేసే చేతులు, వల లాగే చేతులు కలిస్తేనే ఇల్లు నిండుతుంది.

నాలుగు. పాత భవంతులు నడుపుతున్న యజమానులకు మర్యాదగా ఒక ఉత్తరం రాద్దాం. గది తెరిచి పెట్టండి, గోడ మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో పది వాక్యాల బోర్డు పెట్టండి, వాక్యాలు మేము రాసిస్తాం అని. కట్టించినవాడి పేరుతోపాటు పడవవాళ్ళ, బండివాళ్ళ, తాళాలవాళ్ళ పని కూడా అందులో ఉండాలి. పేర్లు దొరికితే పేర్లు, దొరక్కపోతే పని పేరు. వ్యాపారానికి దీనివల్ల నష్టం లేదు. అద్దాలూ ఝాడీలూ ప్రతి హోటల్లోనూ ఉంటాయి, ఇలాంటి గోడ వెతికినా దొరకదు.

బెస్తపేటకు వెళ్ళడానికి వచ్చే నెల మొదటి ఆదివారం అనుకుంటున్నాం. ఆరుగురు చాలు. ఒడియా లిపి వేగంగా రాయగలిగేవాళ్ళు ఇద్దరు, తెలుగు తప్పుల్లేకుండా రాసేవాళ్ళు ఇద్దరు, మంచి ఫోనున్న కుర్రాళ్ళు ఇద్దరు. వచ్చేవాళ్ళు పేరు పెట్టండి. ఉదయం ఏడింటికల్లా బయల్దేరాలి, ఎండెక్కితే ఆ ఒడ్డున నిలబడలేం.